వాలెన్సియాలో ఏ పేటలో దిగాలి?

స్పెయిన్‌లోని సముద్రతీర నగరానికి ప్రయాణం పెట్టుకున్నామంటే, కిటికీ తెరవగానే కెరటాలు కనబడే గది కోసమే ముందుగా వెతుకుతాం. విశాఖ వెళ్లేవాళ్లు బీచ్ రోడ్డు మీద గది దొరుకుతుందేమోనని చూసుకున్నట్టే ఇదీ. వాలెన్సియా విషయంలో మాత్రం ఆ అలవాటు అక్కరకు రాదు. రోమన్లు క్రీ.పూ. 138లో ఆ ఊరిని తూరియా నది వంపులో, తీరానికి సుమారు నాలుగు కిలోమీటర్లు లోపలగా కట్టారు. రేవూ జాలరి పేటలూ తరువాత వచ్చాయి, చాలాకాలం వేరే ఊళ్లుగానే ఉన్నాయి. అందుచేత ఈనాటికీ ప్రధాన చర్చి, పెద్ద బజారు, రైల్వే స్టేషను ఒకవైపు ఉంటే, ఇసుకా నీళ్లూ మరొకవైపు ఉన్నాయి. వచ్చినవాళ్లు రోజులో ఎక్కువ వేళ గడిపేది మొదటి వైపే.

ఈ సంగతిని ఇంత లోతుగా ఆలోచించవలసి రావడానికి కారణం, ఈసారి నా వెంట అమ్మా నాన్నా ఉండడం. నాన్నకు మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కడం కష్టం గాని, చదునైన దారి అయితే గంటసేపైనా నడుస్తారు. అమ్మ శాకాహారి, తెల్లవారుజామునే లేచే మనిషి, రాత్రి తొమ్మిదిన్నరకల్లా దీపం ఆర్పేయాలంటుంది. స్పెయిన్‌లో హోటళ్ల వంటిళ్లు రాత్రి భోజనానికి తెరుచుకునేదే దాదాపు ఆ వేళకు. ఫోనులో ఆ మాట చెబితే, "మనం పడుకునే వేళకు వాళ్లు విస్తళ్లు వేస్తారటరా!" అని అమ్మ ఆశ్చర్యపోయింది. ఆ ఒక్క మాటతో నేను రాసి పెట్టుకున్న పేటల్లో సగం కొట్టివేయవలసి వచ్చింది.

వాలెన్సియా పటం ముందు పెట్టుకుంటే మొదట చూడవలసింది పాత నగరాన్ని ఉత్తరాన చుట్టుకొని తూర్పుకు సాగిపోయే ఆకుపచ్చని పట్టీని. అది ఒకప్పటి తూరియా నది. 1957 అక్టోబరు 14న ఆ నదికి వచ్చిన వరదలో ఎనభై మందికి పైగా మరణించారు. ఆ తరువాత ప్రభుత్వం నగరానికి దక్షిణంగా కొత్త కాలువ తవ్వించి నదిని అందులోకి మళ్లించింది. నీరు పోయిన పాత ఏటిగర్భంలో వాహనాల రహదారి వేయాలని మొదట తలపెట్టారు గాని, ఏరు మాది, అది పచ్చగానే ఉండాలని జనం పట్టుబట్టడంతో అది సుమారు తొమ్మిది కిలోమీటర్ల పొడవైన ఉద్యానవనంగా మారింది. చుట్టుపక్కల వీధుల కంటే పల్లంలో ఉండడం వల్ల, సెరానోస్ ద్వారం దగ్గర లోపలికి దిగినవారు పాత రాతి వంతెనల కిందుగా నడుస్తూ, ఒక్క వీధి కూడా అడ్డు దాటే పని లేకుండా, పిల్లలు ఎక్కి జారే గలివర్ విగ్రహం మీదుగా, వాస్తుశిల్పి సాంతియాగో కలత్రావా కట్టిన తెల్లటి కట్టడాల వరకు వెళ్లిపోవచ్చు. ఎక్కడికక్కడ బెంచీలు, నీడ, మంచినీటి కుళాయిలు ఉన్నాయి. నాన్న లాంటి వారికి ఇంతకంటే ఏం కావాలి? గది ఎక్కడ తీసుకున్నా సరే, ఈ తోటకు పది పదిహేను నిమిషాల నడకలో ఉండాలన్నదే నేను పెట్టుకున్న మొదటి షరతు.

కొత్త కాలువ సంగతి కూడా గది చూసుకునేవారికి తెలిసి ఉండాలి. 2024 అక్టోబరు 29 నాటి వరదల్లో ఆ కాలువ నగరం నడిబొడ్డును కాపాడింది. దానికి దక్షిణాన ఉన్న పైపోర్తా, అల్ఫాఫార్, సెదవీ వంటి ఊళ్లు, నగరపాలక పరిధిలోదే అయిన లా తోరె పేట మాత్రం నీట మునిగాయి. వాలెన్సియా ప్రాంతంలో రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అద్దె తక్కువ ఉన్న గదులను వెతుకుతుంటే ఈ ఊళ్లు కూడా వాలెన్సియా పేరు కిందనే కనబడుతుంటాయి. ఇళ్లు పాడైపోయిన కుటుంబాలకు అద్దె ఇళ్లు అవసరమైన చోట, నాలుగు రోజుల విహారానికి వచ్చినవాళ్లం ఒక ఇల్లు ఆక్రమించడం నాకు నచ్చలేదు; పైగా అక్కడి నుంచి నగరంలోకి రోజూ రాకపోకలు దండగ.

ఇక పేటల విషయం. ఫొటోలు చూసి ఎవరైనా ముందు మనసు పారేసుకునేది పాత నగరంలోని ఎల్ కార్మెన్ మీదనే. పదకొండో శతాబ్దంలో ముస్లిం పాలకులు కట్టించిన గోడకూ, పద్నాలుగో శతాబ్దంలో క్రైస్తవ రాజుల కాలంలో లేచిన గోడకూ మధ్య పెరిగిన పేట అది. రెండో గోడను 1865 నుంచి కూల్చివేశారు. సెరానోస్, క్వార్త్ అనే రెండు పెద్ద ద్వారాలు మాత్రం మిగిలాయి. గోడ ఉన్న జాడలోనే కొలోన్, షాతివా, గియెం దె కాస్త్రో వీధులు వచ్చాయి కాబట్టి, ఆ వీధులకు లోపల ఉన్న గది పాత నగరంలోది, బయట ఉన్నది కొత్త విస్తరణలోది అని పటం చూసి సులువుగా పోల్చుకోవచ్చు. పగలు కార్మెన్ ఎంత అందంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అయితే గది తీసుకునే ముందు ఒక పేటను రాత్రి పదకొండు దాటాక చూడాలని నా అభిప్రాయం. అమ్మావాళ్లు రావడానికి ముందు నేను ఒంటరిగా వెళ్లినప్పుడు ఆ పని చేశాను. రెండు చేతులు చాపితే గోడలు తగులుతాయేమో అన్నంత ఇరుకు వీధుల్లో బల్లలు వేసి ఉన్నాయి. అరిచేవాళ్లు ఎవరూ లేరు, అందరూ మామూలుగానే మాట్లాడుకుంటున్నారు. కాని ఆ మాటలన్నీ గోడల మధ్య కలిసిపోయి నాలుగో అంతస్తు దాకా పాకుతున్నాయి. ఒంటిగంట ప్రాంతంలో ఒక బారు కుర్రవాడు రోజంతా పోగుపడ్డ ఖాళీ సీసాలను చక్రాల తొట్టెలో తోసుకొచ్చి, వీధి మలుపులో ఉన్న గాజు సేకరణ డబ్బాలో ఒక్కొక్కటిగా జారవిడవడం మొదలుపెట్టాడు. సరిగ్గా ఆ డబ్బాకు పైనున్న బాల్కనీలోనే అద్దె గది అనే బోర్డు వేలాడుతోంది. ఇరవై ఏళ్ల వయసులో అయితే ఆ గదే తీసుకునేవాణ్ణి.

స్టేషనుకు దక్షిణాన ఉన్న రుసాఫాది వేరే తీరు. 1877 దాకా అది వేరే ఊరు. తన బజారు, తన చర్చి, తన వీధులు ఇప్పటికీ ఆ ఊరితనాన్ని పోనివ్వలేదు. కాఫీ దుకాణాలూ, పుస్తకాల అంగళ్లూ, శాకాహారులకు కూడా ఏదో ఒకటి దొరికే భోజనశాలలూ అక్కడ ఎక్కువ. స్నేహితులు నలుగురు కలిసి వెళ్లి, పదింటికి తిని, రెండింటికి గది చేరాలనుకుంటే అంతకంటే మంచి చోటు లేదని చెబుతాను. మాకు మాత్రం పనికిరాదు; అక్కడి నుంచి తోటకు నడక కూడా కాస్త దూరమే.

మేము చివరకు దిగింది ఎషాంప్లెలో, కొలోన్ వీధికీ గ్రాన్ వియా అనే విశాలమైన రహదారికీ మధ్య. పాత గోడ పోయాక గళ్లు గీసినట్టు పరిచిన వీధులు, మూలలు కోసినట్టున్న భవనాలు, ఎత్తైన తలుపులు, ఇనుప కమ్మీల బాల్కనీలు. యాత్రికులకు ఇక్కడ చూడవలసినదంటూ పెద్దగా లేదు, 1916లో తెరిచిన కొలోన్ మార్కెట్టు తప్ప. అందులో ఇప్పుడు కూరగాయల కంటే ఫలహారశాలలే ఎక్కువ. అయితే చూడవలసినవి లేకపోవడమే ఈ పేట గొప్ప. రాత్రి పదకొండు దాటితే కుక్కను తిప్పుకునేవాళ్లు తప్ప ఎవరూ కనబడరు. కొలోన్ స్టేషనులో మెట్రో ఎక్కితే మారకుండా విమానాశ్రయానికి వెళ్లవచ్చు. మాద్రిద్ నుంచి రెండు గంటలలోపే చేర్చే వేగపు రైలు ఆగే హోకిన్ సొరోయా స్టేషను కూడా ట్యాక్సీకి దగ్గరే. పది నిమిషాలు నడిస్తే, ఏడాది పొడవునా పూలకుండీలు వరుస తీరిన వంతెన, దాని కింద తోట. అద్దె ఎక్కువే, కాదనను. నాన్న మోకాళ్లను లెక్కలో వేసుకుంటే అది గిట్టుబాటేనని నాకు అనిపించింది.

కలత్రావా కట్టడాల చుట్టూ ఉన్న కొత్త హోటళ్ల గురించి చాలామంది అడుగుతారు. చిన్నపిల్లలతో వెళ్లి రెండు రోజులూ సముద్రజీవుల ప్రదర్శనశాలలోనే గడపాలనుకునేవారికి అవి అనుకూలమే. సాయంత్రం అయ్యాక మాత్రం వెడల్పాటి రోడ్లు, కార్లు, ఒక షాపింగ్ మాల్ తప్ప అక్కడ ఏమీ ఉండదు.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను ఊరించిన పేట కబన్యాల్. 1897లో నగరంలో కలిసేదాకా అది జాలరుల సొంత ఊరు. తీరానికి సమాంతరంగా సాగే పొడవాటి వీధులు, ఒకటి రెండు అంతస్తుల ఇళ్లు, ఒక్కో ఇంటి ముంగిలికి ఒక్కో రంగు పింగాణీ పలకలు: ఒకచోట ఆకుపచ్చ, పక్కన నీలం, ఆ పక్కన పసుపు మీద తెల్ల పువ్వులు. సాయంత్రం నీడ దిగగానే పెద్దవాళ్లు కుర్చీలు వీధిలోకి తెచ్చుకుని కూర్చుంటారు. నగరం నుంచి వచ్చే బ్లాస్కో ఇబాన్యెస్ రహదారిని సముద్రం దాకా పొడిగించడానికి ఈ పేట నడుమ నుంచి వందల ఇళ్లు కూల్చాలని 1998లో పురపాలకులు తలపెట్టారు. స్థానికులు ఏళ్ల తరబడి పోరాడారు. 2015లో పాలన మారాక ఆ పథకాన్ని విరమించుకున్నారు. ఈలోగా శిథిలమైన ఇళ్ల ఆనవాళ్లు, కొత్తగా రంగులు దిద్దిన ఇళ్ల పక్కనే ఇంకా కనబడతాయి. ఇప్పుడు వాళ్ల బాధ మరొకటి: రహదారి నుంచి దక్కించుకున్న ఇళ్లను యాత్రికుల అద్దె గదులు మింగుతున్నాయి. బాల్కనీల నుంచి వేలాడే నిరసన బట్టల మీద ఆ మాట పెద్ద అక్షరాలతోనే రాసి ఉంది. జూలైలో, రోజూ పొద్దున్నే సముద్రంలో మునగడమే పనిగా పెట్టుకున్నవారు అక్కడే ఉండాలి, కాకపోతే ఇల్లు అద్దెకు తీసుకోవడం కన్నా ఏదైనా చిన్న హోటలు చూసుకోవడం మర్యాద. చలికాలంలో వెళ్లేవారికి నేను చెప్పను. ఆ పాత ఇళ్లలో తేమ ఎముకల్లోకి దిగుతుంది. మేము ఒక సాయంత్రం కొలోన్ నుంచి మెట్రోలో మరీతిం దాకా వెళ్లి, అక్కడి నుంచి నెమ్మదిగా నడిచి, చిత్రకారుడు సొరోయా బొమ్మలు గీసిన ఆ ఇసుక మీద కూర్చుని తిరిగి వచ్చాము. సముద్రంతో మాకు కావలసినంత పొత్తు అంతే.

పేట తేలిన తరువాత ఇల్లు చూసేటప్పుడు కొన్ని మాటలు నిలదీసి అడగాలి. పర్యాటకులకు అద్దెకిచ్చే ఇంటికి వాలెన్సియా ప్రాంతంలో వీటీ అనే అక్షరాలతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ప్రకటనలో అది లేకపోతే ఎంత చవకైనా వదిలేయాలి. అంతస్తుల లెక్క మరో చిక్కు. పాత భవనాలలో నేల అంతస్తుకూ, ఒకటవ అంతస్తుకూ మధ్య వేరే పేర్లతో ఒకటి రెండు అంతస్తులు ఉంటాయి, అవి లెక్కలోకి రావు. కాబట్టి "ఒకటో అంతస్తే కదా" అని లిఫ్టు లేని ఇల్లు తీసుకుంటే మూడు వరుసల మెట్లెక్కవలసి రావచ్చు. గది కిటికీ వీధి వైపా, లోపలి వెలుతురు బావి వైపా అన్నది కూడా అడగాలి. లోపలి వైపు గది చీకటిగా ఉంటుంది, కాని నిద్రకు అదే మేలు.

అమ్మ కోసం నేను అడిగిన మరో ప్రశ్న పొయ్యి గురించి. ఇండక్షన్ పొయ్యి అయితే మన అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు. ఇంటివాళ్లను పొయ్యి ఫొటో పంపమని అడిగి, అది ఇండక్షనే అని తేలాక, స్టీలు అడుగున్న చిన్న కుక్కరును పెట్టెలో పెట్టించాను. 1928లో తెరిచిన సెంట్రల్ మార్కెట్టు మాకు ఇరవై నిమిషాల నడక; మధ్యాహ్నం మూడింటికల్లా సర్దేస్తారు, ఆదివారం అసలు తెరవరు. అందుకని శనివారం పొద్దున్నే వెళ్లి ఆదివారానికి కూడా తెచ్చుకునేవాళ్లం. పాయెల్లా అనే అక్కడి అన్నం వంటకంలో వేసే వెడల్పాటి పచ్చి చిక్కుళ్లను అమ్మ విరిచి చూసి, నారతీసి, కొబ్బరి లేకుండానే వేపుడు చేసింది. "కొబ్బరి పడితే ఇంకా బాగుండేదమ్మా" అన్నారు నాన్న, రెండోసారి వడ్డించుకుంటూ.

మార్చి నెలలో వెళ్లేవారికి మాత్రం ఇంతవరకు చెప్పిన లెక్క తలకిందులవుతుంది. మార్చి 1 నుంచి 19 వరకు, ఫాయాస్ పండుగ సందర్భంగా, రోజూ మధ్యాహ్నం రెండింటికి పురపాలక భవనం ముందు చౌకులో మస్క్లెతా అనే టపాసుల మోత ఉంటుంది. చివరి రోజుల్లో నగరమంతటా మూడు వందలకు పైగా సంఘాలు పెద్ద పెద్ద బొమ్మలు నిలిపి, 19వ తేదీ రాత్రి వాటిని కాల్చేస్తాయి. ఆ రోజుల్లో ఎషాంప్లె కూడా ప్రశాంతంగా ఉండదు. వీధులు మూసేస్తారు, ట్యాక్సీ గుమ్మం దాకా రాదు. పెద్దవాళ్లతో అప్పుడు వెళ్లవలసి వస్తే, ఏటికి అవతల, విశ్వవిద్యాలయానికి దగ్గరగా ఉన్న బెనిమక్లెత్ మేలు. ఆ పేటలోనూ బొమ్మలు నిలుపుతారు గాని జనం తక్కువ. విమానాశ్రయం నుంచి మూడో నంబరు మెట్రో నేరుగా అక్కడికే వస్తుంది. మస్క్లెతా చూడడానికి అలమేదా స్టేషనులో దిగి నడిచి రావాలి, చౌకు పక్కనున్న స్టేషన్ల దగ్గర ఆ వేళకు అడుగు పెట్టే చోటు ఉండదు.