చాకు మీది పేరు ఎవరిది?

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఒకరింటి పెరట్లో కంచె కోసం గుంతలు తీస్తుంటే పారకి మడత చాకు ఒకటి తగిలింది. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పాత మేకుల పక్కన పెట్టానో లేదో మా సూపర్‌వైజర్ గయ్యిమన్నాడు: "అది చెత్త కాదయ్యా! మీ దేశంలో పాత వస్తువులంటే లెక్కలేదేమో, మాకుంది."

చెత్త అని నేనెక్కడన్నాను?

పని మాత్రం ఆయనే ఓపిగ్గా నేర్పాడు, అది ఒప్పుకోవాలి. గరుకు కాగితం, ఇనుప బ్రష్ తగలనివ్వకూడదట, అక్షరాలు పోతాయి. నూనెలో నానబెట్టి రోజూ కాస్త కాస్త కదిలించాం. ఎట్టకేలకు తెరుచుకుంది. బ్లేడు పిడిలోకి దిగే చోట సన్నటి ముద్ర: ఒక నక్షత్రం, పక్కన మాల్టీస్ శిలువ. అది ఈ ఊరి చాకుల కంపెనీ జోసెఫ్ రాడ్జర్స్ గుర్తు. పైన కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్. అంటే విక్టోరియా రాణి కాలం, 1837 నుంచి 1901 లోపు. 'ఇంగ్లండ్' అన్న మాట లేదు. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని 1890లో అమెరికా చట్టం చేశాకే ఆ మాట బాగా కనిపిస్తుంది. ఇక్కడే అమ్ముకున్న వాటికి ఆ అవసరం లేదు కాబట్టి, అదొక్కటే చూసి కాలం తేల్చలేం.

"చూశావా, 1624 నుంచీ ఇక్కడ కట్లర్స్ కంపెనీ, అంటే చాకులు చేసేవాళ్ళ సంఘం, ఉంది. ఎవరి గుర్తు ఏదో అన్నీ రాసిపెట్టారు" అన్నాడు.

నాకు అక్కడే మండింది. రాసిపెట్టింది ఎవరి పేరు? రాడ్జర్స్ లాంటి కంపెనీది. బ్లేడు సాగగొట్టినవాడు ఒకడు, సానపట్టినవాడు ఇంకొకడు, పిడి బిగించినవాడు మరొకడు. చాలామంది చిన్న గది అద్దెకు తీసుకుని కంపెనీలకు పనిచేసిపెట్టేవాళ్ళు, 'లిటిల్ మెస్టర్లు' అనేవారు. సాన ధూళికి ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులోనే పోయినవాళ్ళు ఈ ఊళ్ళో లెక్కలేనంతమంది. వాళ్ళ పేర్లు ఈ చాకు మీద ఏవీ? మన కమ్మరి కూడా కొడవలి మీద పేరు కొట్టడు, నిజమే. కానీ అది ఎవరి చేతిదో ఊరంతా చెబుతుంది. పైగా ఆ పిడి చూడండి, గోధుమరంగు గాట్లతో గరుగ్గా ఉన్న దుప్పి కొమ్ము. షెఫీల్డ్ చాకులకు ఆ కొమ్ము మన దేశం నుంచే ఓడల్లో తెగ వచ్చేది. ఆ మాటే ఆయనతో అన్నాను. పిడిని అటూ ఇటూ తిప్పి చూశాడు తప్ప మాట్లాడలేదు.

దొరికింది ఇంటావిడ నేలలో కాబట్టి చాకు ఆవిడదే. ఆవిడేమో "తవ్వినవాడే ఉంచుకోనీ" అంది. బ్లేడు 3 అంగుళాల లోపే, తెరిచాక బిగుసుకునే లాక్ లేదు. జేబులో వేసుకు తిరిగినా ఇక్కడి చట్టం ఏమీ అనదు. సైట్‌కి మాత్రం తీసుకెళ్ళడం లేదు, ఆయన మళ్ళీ 1624 నుంచి మొదలెడతాడని.