‘వాడం’ అంటే ‘వాడతాం’ అని పడింది: టెక్స్ట్ చూసి వీడియో ఎడిట్ చేసిన నా అనుభవం

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. ఖాళీ దొరికితే మన చుట్టుపక్కల చేతిపనులు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లను మాట్లాడించి చిన్న వీడియోలు చేస్తుంటాను. ఈసారి శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక అమ్మ దగ్గర కూర్చుని గంటా పది నిమిషాలు రికార్డు చేసుకొచ్చాను. దాన్ని 12 నిమిషాలకు తేవాలి. రెండు రోజుల పని అనుకున్నది పది రోజులు పట్టింది. ఎక్కడ ఆగిపోయానో, ఎలా బయటపడ్డానో రాస్తున్నాను, తెలుగు ఇంటర్వ్యూలు ఎడిట్ చేసేవాళ్లకు పనికొస్తుంది.

టెక్స్ట్ చూసి ఎడిట్ చేయడం అంటే ఏమీ లేదు, సాఫ్ట్‌వేర్ మనిషి మాటలు విని అక్షరాల్లో పెడుతుంది, ఏ మాట ఏ సెకనులో వచ్చిందో గుర్తు పెట్టుకుంటుంది. మనం ఒక వాక్యం సెలెక్ట్ చేసి తీసేస్తే టైమ్‌లైన్‌లో ఆ వీడియో ముక్క కూడా పోయి వెనకది ముందుకు జరుగుతుంది. గంట ఇంటర్వ్యూను పదిసార్లు వినే బదులు చదువుకుంటూ పోవచ్చు. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. కానీ నేను వాడే సాఫ్ట్‌వేర్‌లో భాషల లిస్టు తెరిస్తే హిందీ ఉంది, తెలుగు లేదు. పోనీ అని హిందీ పెట్టి చూస్తే దేవనాగరిలో అర్థం లేని మాటల వరస వచ్చింది. ఒక పూట అలా పోయింది.

అప్పుడు విస్పర్ పెట్టుకున్నాను. 2022 సెప్టెంబరులో వచ్చిన ఉచిత స్పీచ్ మోడల్ అది, తెలుగు కూడా రాస్తుంది, మన ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. దాంట్లో పెద్దదైన లార్జ్ మోడల్ సరిగ్గా నడవాలంటే దాదాపు 10 జీబీ గ్రాఫిక్స్ మెమరీ కావాలి, నా దాంట్లో 4 జీబీనే ఉంది, అందుకని మామూలు ప్రాసెసర్ మీదే వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున లేచి చూస్తే, ఆమె ఏమీ మాట్లాడకుండా బొమ్మ గీస్తూ కూర్చున్న చోటల్లా ఒకే వాక్యం పదకొండు సార్లు, పన్నెండు సార్లు పడి ఉంది. ఈ మోడల్ ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది, ముందు ముక్కలో రాసిందాన్ని ఆధారం చేసుకుని తర్వాతి ముక్క రాస్తుంది. మాట లేని చోట పట్టుకోవడానికి ఏమీ లేక పాత మాటనే పట్టుకుని తిరుగుతుంది. ముందు టెక్స్ట్ మీద ఆధారపడే ఆ సెట్టింగ్ ఆపేసి, మాట ఉన్న భాగాలనే ఏరి పంపే వీఏడీ అనే ఫిల్టర్ పెట్టాక ఆ గొడవ పోయింది.

మాటల తప్పులు వేరే సంగతి. ఎండాకాలం, ఆమె తల మీద ఫ్యాన్ తిరుగుతోంది, ఆపమని అడగడానికి నాకు మనసొప్పలేదు. అది కాక మన వైపు మాట. ‘గుడ్డ ఆరతాంది’ అని ఆమె అంటే ‘గుడ్డ ఆరుతా అంది’ అని పడింది, గుడ్డే మాట్లాడినట్టు. కరక్కాయ ‘కర్ర కాయ’ అయింది, కసిం ‘కాసేపు’ అయింది. కసిం అంటే కలంకారీలో నల్లరంగు, తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెట్టి తీస్తారు. ఇలాంటి మాటలు ముందే మోడల్‌కు ఇచ్చుకోవచ్చు, అయితే ఆ జాగా 224 టోకెన్ల (మోడల్ మాటల్ని విడగొట్టుకునే చిన్న ముక్కల) వరకే. తెలుగు అక్షరాలకు టోకెన్లు ఎక్కువ ఖర్చవుతాయి కాబట్టి చాలా మాటలు పట్టవు. కరక్కాయ, కసిం, పటిక, మంజిష్ఠ, నీలి, స్వర్ణముఖి లాంటివి కొన్ని ఏరి ఇచ్చాను. వాటిలో ఎక్కువ సరిగ్గా పడ్డాయి, మిగతావి చేత్తో దిద్దాను.

ఇప్పుడు చేతిలో ఎస్ఆర్‌టీ ఫైల్ (ఏ లైను ఏ టైమ్‌లో వస్తుందో రాసుండే సబ్‌టైటిల్ ఫైల్) ఉంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగితే అయిపోతుంది అనుకున్నాను. అది క్యాప్షన్ల లాగా వచ్చి కూర్చుంది. లైను తీసేస్తే క్యాప్షన్ పోతోంది, వీడియో అలాగే ఉంది. దాని లెక్కలో ట్రాన్స్‌క్రిప్ట్ (అది తానే విని రాసుకున్న టెక్స్ట్) వేరు, క్యాప్షన్ వేరు, ఇది తెలియడానికి నాకు ఒక రోజు పట్టింది. బెంగళూరులో ఉండే మా పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశాను. “అన్నా, నేను ఉంచుకున్న లైన్ల టైమ్‌లు ఉన్నాయి, వాటిని కట్లుగా మార్చే దారి ఏదన్నా ఉందా” అంటే, ఈడీఎల్ అని పాత పద్ధతి ఉందిరా, ఏ క్లిప్‌లో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తీసుకోవాలో రాసుండే మామూలు టెక్స్ట్ ఫైల్ అది, చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు చదువుతాయి అని చెప్పి చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి పంపాడు. ఎస్ఆర్‌టీలో వద్దనుకున్న లైన్లు తీసేసి స్క్రిప్ట్ నడిపితే ఈడీఎల్ వస్తుంది, దాన్ని లోపలికి తెస్తే టైమ్‌లైన్ తయారు. నిజంగానే వచ్చింది. మొదటి నాలుగైదు కట్లు చూసి చాలా సంతోషపడ్డాను.

తర్వాతవి చూస్తే మాట ఒకచోట ఉంది, కట్ ఇంకోచోట పడుతోంది. చివరికొచ్చేసరికి ఆమె వాక్యం మొదలుపెట్టి చాలా దూరం వెళ్లాక క్లిప్ మొదలవుతోంది. టెన్షన్ పడి ఒక్కో కట్ చేత్తో సర్దడం మొదలుపెట్టాను, ఇరవై కట్లు సర్దాక ఇది పద్ధతి కాదని ఆపేశాను. ఎవరికైనా ఇలా జరిగితే ముందు చేయాల్సింది కొలవడం. 5వ నిమిషం దగ్గర, 20, 40, 60 దగ్గర తేడా ఎంతుందో రాసుకోండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే తేడా ఉంటే క్లిప్ మొదలు ఎక్కడో జరిగింది, అంతా కలిపి జరిపితే చాలు. పోను పోను ఒకే వరసలో పెరుగుతుంటే ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్న లెక్క, ఎక్కడో తప్పింది. నాది ఈ రెండూ కాదు, ఒకచోట పెరిగి ఇంకోచోట తగ్గుతోంది. వీడియో ఫైల్ వివరాలు చూపించే మీడియా ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర ‘వేరియబుల్’ అని ఉంది, అంటే మారుతూ ఉంటుందని. నేను ఫోన్‌తో తీశాను. వెలుతురు తగ్గినప్పుడు ఫోన్ సెకనుకు తీసే ఫ్రేములు తగ్గించేస్తుంది, ఆ ఇంట్లో సాయంత్రానికి వెలుతురు ఎలా తగ్గుతూ వచ్చిందో నాకు గుర్తుంది. శబ్దం మాత్రం గడియారం ప్రకారమే నడుస్తుంది. ట్రాన్స్‌క్రిప్ట్ శబ్దాన్ని పట్టుకుంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రేముల్ని లెక్కపెట్టింది.

వీడియోను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (మారని) ఫ్రేమ్ రేట్ పెట్టి, 29.97కు మార్చి మళ్లీ చూశాను. అటూ ఇటూ ఊగడం పోయింది కానీ తేడా పోలేదు, 20 నిమిషాల దగ్గర 1.2 సెకన్లు, 40 దగ్గర 2.4, గంట దగ్గర 3.6. ఇంత నిఖార్సుగా పెరుగుతుంటే నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఇది వెయ్యి సెకన్లకు ఒక సెకను. స్క్రిప్ట్ సెకనుకు 30 ఫ్రేముల లెక్కన టైమ్‌కోడ్ (ఏ ఫ్రేము ఏ టైమ్‌లో ఉందో చెప్పే నంబరు) వేస్తోంది, టైమ్‌లైన్ 29.97లో ఉంది. 1953లో అమెరికాలో కలర్ టీవీ ప్రమాణం ఖాయమైనప్పుడు 30ని కొంచెం తగ్గించి 29.97 చేశారు, ఆ లెక్క ఇప్పటికీ మన సాఫ్ట్‌వేర్లలో ఉంది. స్క్రిప్ట్‌లో 30 ఉన్న చోట 30000ను 1001తో భాగించమని (29.97 వచ్చేది అలాగే) రాసి మార్చాను. గంట దగ్గర కట్ మాట మీదే పడింది. ఆ రాత్రి బాగా నిద్రపోయాను. మనకు 50 హెర్ట్జ్ కరెంటు కాబట్టి ట్యూబ్‌లైట్ కింద తీసేటప్పుడు వెలుగు మినుకుమనకుండా 25 ఫ్రేములే మేలు, ఇకపై ఫోన్‌లో విడిగా కెమెరా యాప్ పెట్టి 25కు బిగించి తీస్తాను.

కష్టమంతా అయిపోయింది అనుకుని రఫ్ కట్ వాళ్ల కూతురికి పంపాను. గంటలోపే ఆ అమ్మ ఫోన్ చేసింది. “నాయనా, మేం కెమికల్ రంగులు వాడతామని నేనెప్పుడు చెప్పినాను?” అంది. కోపంగా కాదు, బాధగా అడిగింది. నేను ట్రాన్స్‌క్రిప్ట్ తెరిచాను, ‘కెమికల్ రంగులు వాడతాం’ అనే ఉంది. అది చదివే నా వాయిస్‌ఓవర్‌లో ‘ఇప్పుడు కొంత రసాయన రంగులూ వాడుతున్నారు’ అని రాసి చదివాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అసలు ఆడియో విన్నాను. ‘వాడం’ అంది. గొంతు తగ్గించి, చెయ్యి అడ్డంగా ఊపుతూ, ‘మేం వాడం’ అంది. ముప్పై ఏళ్లకు పైగా ఆమె చేతులు కరక్కాయలోనూ పటికలోనూ నానాయి, ఆ ఒక్క మాట ఆమెకు ఎంత పెద్దదో నాకు అప్పుడు అర్థమైంది. తప్పు నాది, వినకుండా చదివాను. ఫోన్‌లోనే క్షమాపణ చెప్పాను.

తెలుగులో అవునో కాదో చాలాసార్లు క్రియ చివర్లోనే తేలుతుంది. వేస్తాం, వెయ్యం. కలుపుతారు, కలపరు. మనవాళ్లు వాక్యం చివర గొంతు తగ్గిస్తారు, మోడల్ అక్కడే తప్పు వింటుంది, కట్ కూడా కొంచెం ముందు పడితే ఆ చివరి అక్షరమే తెగిపోతుంది. అందుకని స్క్రిప్ట్‌లో ప్రతి లైనుకూ చివర 0.4 సెకను కలిపాను. ఉంచుకున్న ప్రతి వాక్యం చివర హెడ్‌ఫోన్స్‌తో విన్నాను, మొత్తం 94 వాక్యాలు, రెండు రాత్రులు. అలా వింటే ఇంకో రెండు చోట్ల ఇదే తప్పు దొరికింది. వాయిస్‌ఓవర్ తీసేసి, ఆమె ‘మేం వాడం’ అన్న ముక్కనే పెట్టాను, దాని తర్వాత ఆమె ఊరుకున్న రెండు సెకన్లు కూడా ఉంచాను.

పోయిన ఆదివారం బస్సెక్కి శ్రీకాళహస్తి వెళ్లి ఆమె పక్కన కూర్చుని మొత్తం చూపించాను. చివరి దాకా కదలకుండా చూసింది. రంగు పాకకుండా గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపే చోట మాత్రం ఆపమంది. ట్రాన్స్‌క్రిప్ట్‌లో అక్కడ ‘ఏనుగు పాలు’ అని పడి ఉంటే నేను ‘గేదె పాలు’ అని దిద్ది సబ్‌టైటిల్ వేశాను. “నేను ఎనుంపాలు అన్నాను కదా నాయనా, నువ్వు గేదె అని రాసినావే” అంది. తిరుపతికి తిరిగొచ్చి ఆ ఒక్క లైను ‘ఎనుంపాలు’ అని మార్చి, ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకున్నాను.