సంతకం కలవని రోజు

బ్యాంకులో క్యాషియర్ చెక్కు వెనక్కి తోశాడు. "సంతకం కలవట్లేదండీ." మళ్లీ పెట్టాను. మూడోసారికి నా పేరులో సగం అక్షరాలే పడ్డాయి. నాకు నవ్వొచ్చింది. పక్కనున్న మా ఆవిడకి రాలేదు.

అప్పటికే వారంగా రాత్రంతా మేలుకుని, పగలు నిద్రపోతున్నాను. ఫ్యాటీ లివర్ ముదిరి, కాలేయం మచ్చలుకట్టి గట్టిపడే సిర్రోసిస్‌లోకి దిగిందని రెండేళ్ల కిందటే తెలుసు. మందు ముట్టనివాణ్ణి. అయినా జబ్బు పేరు చెప్పగానే "ఎంత తాగేవాడివేంటి" అంటారు.

డాక్టరుగారు చేతులు ముందుకు చాపి, బస్సు ఆపుతున్నట్టు అరచేతులు పైకెత్తమన్నారు. ఎత్తాను. నా ప్రమేయం లేకుండానే అరచేతులు ఉన్నట్టుండి కిందికి వాలుతున్నాయి, మళ్లీ లేస్తున్నాయి, పిట్ట రెక్కలాడించినట్టు.

"అమ్మోనియా తలకెక్కింది," అన్నారాయన.

తిన్న పప్పు, గుడ్డు అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. ఒంటికి మిగులైనవాటి నుంచి అమైనో గుంపు ఊడుతుంది. అదే డీఅమినేషన్. ఊడింది అమ్మోనియాగా మారుతుంది. పేగుల్లో బ్యాక్టీరియా తయారుచేసేది దీనికి అదనం. కాలేయం బాగుంటే అదంతా యూరియాగా మారి మూత్రంలో పోతుంది. 1932లో శాస్త్రవేత్తలు క్రెబ్స్, హెన్సెలైట్ చెప్పిన ఆర్నిథిన్ వలయం ఇదే. ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టాను. ఇప్పుడు నా కాలేయమే చేతులెత్తేసింది.

దీన్నింత దూరం తెచ్చింది మలబద్ధకమట! పెళ్లికెళ్లొచ్చాక నాలుగు రోజులు విరేచనం కాలేదు. అదీ ఒక జబ్బేనా అని ఊరుకున్నాను.

లాక్టులోజ్ సిరప్ పాకంలా చిక్కగా, వెగటు తీపిగా ఉంటుంది. పేగుల్లో ఆమ్లగుణం పెంచి అమ్మోనియాను రక్తంలోకి పోనివ్వదు. రోజుకి రెండు మూడు విరేచనాలయ్యేలా చూసుకుని తాగాలి. దాంతో పాటు పేగుల్లో ఆ బ్యాక్టీరియాను అణిచే రిఫాక్సిమిన్ మాత్ర, పూటకొకటి చొప్పున రెండు పూటలా. నాలుగో రోజుకి నా మాట తేటపడింది.

ఇంటికొచ్చాక చుట్టాల వైద్యం మొదలైంది. పప్పు మానేయ్, గుడ్డు మానేయ్. పది రోజులు గంజి, చారన్నమే. తొడలు పీక్కుపోయాయి. డైటీషియన్ అమ్మాయి చూసి గట్టిగానే అంది: "కండ కూడా అమ్మోనియాని పట్టుకుంటుంది అంకుల్, దాన్నే కరిగించుకుంటారా?" కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ తినాలంది. పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినమంది. పెసరట్టు తిరిగొచ్చింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే పాత డైరీలో ఒక సంతకం పెడతాను. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నిన్నటిదాంతో పోల్చి చూస్తుంది. మొన్న చివరి అక్షరం తోక కాస్త పొట్టిగా పడింది.

"మోషన్ అయిందా?" అంది.