గాజులు కదలని రాత్రి

సీమంతంలో తొడిగిన పచ్చగాజులు చెయ్యెత్తితే మోచేతి దాకా జారేవి. అయిదు వారాలు తిరిగేసరికి మణికట్టు దగ్గరే బిగుసుకుపోయాయి.

పరీక్షకు వెళ్తే బీపీ 150/96. ముఖం కూడా ఉబ్బుతోందన్నాను. "మొదటి కానుపు కదమ్మా, నీరు పట్టడం మామూలే. ఉప్పు తగ్గించి పదిహేను రోజులకు రా" అన్నారు డాక్టరమ్మ, నా ముఖం చూడకుండానే. 140/90కి చేరినా, దాటినా మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూడాలని, ఉప్పు మానేసినంత మాత్రాన ప్రీఎక్లాంప్సియా, అంటే కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ప్రాణం మీదికి తెచ్చే ఈ జబ్బు, ఆగదని నాకు తర్వాత తెలిసింది. ఆవిడకు ముందే తెలిసి ఉండాలి. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

చప్పిడి పప్పన్నం నాలుగు రోజులు తిన్నాను. అయిదో రాత్రి తల పగిలిపోయే నొప్పి. కుడివైపు పక్కటెముకల కింద ఎవరో పిడికిలితో నొక్కుతున్నట్టుంది. గ్యాసేమోనని అమ్మ వాము నీళ్లు కాచి తెచ్చింది. అందుకోబోతే రెండు గ్లాసులు కనిపించాయి. ట్యూబులైటు చుట్టూ మిణుగురులు. గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మ, "గుర్రపువాతం వచ్చేలా ఉంది, తెల్లారేదాకా ఆగొద్దు" అంది. కడుపుతో ఉన్నవాళ్లకు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కి ఆమె కాలం నాటి పేరది. ఆమె తోడికోడలు నిండు చూలాలుగా అలాగే పోయిందట. బడి మొహం చూడని మనిషి, ఆమె మాటే నన్ను బతికించింది.

108లో పెద్దాసుపత్రికి చేరేసరికి 180/120. గాజులు తీయాలన్నారు. పగలగొట్టొద్దని అమ్మ ఏడ్చింది. ఒక చేతికి సూది గుచ్చుతుంటే, రెండో చేతికి సబ్బు నురగ రాసి ఒక్కొక్క గాజే లాగింది ఒక నర్సమ్మాయి. ఒక్కటీ చిట్లలేదు. ఫిట్స్ రాకుండా పెట్టిన మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కుతుంటే ఒళ్లంతా నిప్పుల సెగ. ఆ మందు మోతాదు మించలేదు కదా అని ఆ అమ్మాయే గంటగంటకూ చిన్న సుత్తితో మోకాలి మీద తట్టి, కాలు ఎగిరితే "బాగుందక్కా" అనేది. ఆ మాట కోసమే మెలకువగా ఉన్నాను.

రెండో రోజు ఆపరేషన్. 33వ వారంలోనే పుట్టిన పాప 1.6 కిలోలు, 18 రోజులు అద్దాల పెట్టెలో ఉంది. ఇప్పుడు ఇల్లంతా పరుగులు పెడుతోంది. అమ్మ మొక్కుకున్నట్టే ఆ గాజులు గంగానమ్మకు సమర్పించింది. నేను నాయనమ్మ కాళ్లకు కూడా దండం పెట్టాను.

కానుపయ్యాక 6 వారాల వరకూ ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా వెంటనే బయలుదేరండి. బీపీ ఎక్కువుందని చెప్పి మూత్రపరీక్ష రాయకపోతే అడగండి. విసుక్కున్నా సరే, అడగండి.