పది నెలలు స్టేషన్‌లో ఉన్న మా తుపాకి – నా అనుభవం

మొన్న శుక్రవారం స్టేషన్‌లో నలుగురి ముందు నా పరువు పోయింది. ఆ వేడి తగ్గకముందే రాసేస్తున్నాను. ఇంకో వారం పోతే ఈ కథను నేనే నాకు అనుకూలంగా తిప్పి చెప్పేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రానికి ఆరేడు మైళ్ల లోపు పల్లె. చుట్టూ వరి, ఆ వరి చుట్టూ రొయ్యల గుంతలు. గేటుకు రెండేళ్లకోసారి రంగు వెయ్యకపోతే అరచేతికి తుప్పు అంటుకునే గాలి మాది. మా నాయన 1974లో లైసెన్సు తీసుకుని పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ కొన్నాడు, మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ తయారీ. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకు మారింది. దాన్ని మేము పేల్చింది తక్కువ, తుడిచింది ఎక్కువ. దసరాకు పూజ చేస్తాం, సంక్రాంతికి మనవళ్లకు దూరం నుంచి చూపిస్తాం. మండలంలో నా అంత శ్రద్ధగా తుపాకి చూసుకునేవాడు లేడని పెళ్లిళ్లలో కూడా చెప్పుకునేవాణ్ణి.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. రెండు రోజులకే స్టేషన్ నుంచి ఫోను, ఎన్నికలు అయ్యేదాకా తుపాకి తెచ్చి అప్పజెప్పమని. నేను ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టు పంపాను. ఒళ్లంతా కొబ్బరినూనె పట్టించాను. కందిరీగ లాంటి పురుగు గొట్టంలో మట్టిగూడు పెడుతుందని రెండు మూతులకూ దూది కుక్కాను. చెప్పులు కుట్టే అతని చేత ప్రత్యేకంగా కుట్టించిన తోలు సంచి ఉంది, లోపల మఖమల్ గుడ్డ. అందులో పెట్టి, పైన పాత పంచె చుట్టి, సూదీదారంతో కుట్టి, పేరు రాసిన అట్టముక్క కట్టాను. స్టేషన్‌లో మిగతావాళ్ల తుపాకులు బీరువాలో బట్టల్లేని పిల్లల్లా నిలబడి ఉంటే నాదొక్కటే దొరబిడ్డలా ఉంది.

స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటర్ రసీదు రాసిచ్చాడు. నంబరు సరిగ్గానే ఉంది. కింద 'పాత డబుల్ బ్యారెల్ తుపాకి 1, కవరుతో సహా' అని ఉంది. ఆ 'పాత' అనే మాట నాకు గుచ్చుకుంది గానీ, ఎండలో వాదించే ఓపిక లేక వచ్చేశాను. అక్కడే తప్పు చేశాను. రసీదులో తుపాకి ఏ స్థితిలో ఉందో రాయించుకోండి. తుప్పు లేదు, చెక్క పగల్లేదు అని రెండు ముక్కలు. వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. వాళ్ల ముందే నాలుగు ఫొటోలు కూడా తీసుకోండి.

మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు అయిపోయాయి. ఆ నెలలోనే అందరూ తమ తుపాకులు తెచ్చుకున్నారు. నాది మాత్రం ఆగిపోయింది, మే నెలాఖరుకు నా లైసెన్సు గడువు తీరింది కాబట్టి. రెన్యువల్ గురించి చెప్పడానికేమీ లేదు: చలానా, డాక్టరు సర్టిఫికెట్, పోలీసు రిపోర్టు, రెవెన్యూ రిపోర్టు, తిరుగుడు. 2019 చట్ట సవరణ తరువాత మూడేళ్లకు బదులు 5 ఏళ్లకు ఇస్తున్నారు, అదొక్కటే ఊరట. గడువు తీరిన తుపాకిని స్టేషన్‌లో కాకుండా లైసెన్సు ఉన్న డీలరు దగ్గర కూడా ఉంచుకోవచ్చని నాకు తరువాత తెలిసింది. డబ్బులవుతాయి. అయినా నాకు ముందే తెలిసుంటే అక్కడే పెట్టేవాణ్ణి.

ఈలోగా అక్టోబరు వచ్చింది. మా జిల్లాలో అసలు వానాకాలం అప్పుడే. డిసెంబరు దాకా ఒకదాని వెనక ఒకటి వాయుగుండాలు, ఉతికిన పంచె మూడు రోజులకు కూడా ఆరదు. సంక్రాంతి వెళ్లాక కాగితం చేతికొచ్చింది, తుపాకి ఇంటికొచ్చింది.

కుట్లు విప్పగానే ముక్కిన నూనె వాసన కొట్టింది. గొట్టాల మీద అక్కడక్కడా ఎర్రటి పొక్కులు. దూది తీస్తే మూతుల లోపల అంగుళం మేర గోధుమరంగు కట్టు. మఖమల్ గుడ్డ గొట్టాలకు అతుక్కుపోయింది. మా ఆవిడ చూసి, "అయ్యో, మామయ్య ఉంటే..." అని ఆపేసింది. ఆ ఆపేసిన మాటే నన్ను రెచ్చగొట్టింది.

ఆ రాత్రే నాలుగు పేజీల అర్జీ రాశాను. నాకు రాత ఉంది, హైస్కూల్లో వ్యాసరచనలో ఫస్టు వచ్చినవాణ్ణి. 'తండ్రిగారి స్మృతిచిహ్నం', 'బాధ్యతారాహిత్యానికి పరాకాష్ఠ' లాంటి మాటలు ధారాళంగా పడ్డాయి. సోమవారం అర్జీల రోజున పై అధికారికి ఇచ్చి వచ్చాను. ఊళ్లో నలుగురికీ చదివి వినిపించాను కూడా.

పది రోజులకు పిలుపు వచ్చింది, తుపాకి తీసుకుని విచారణకు రమ్మని.

ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. "పెద్దాయనా, జిల్లా నుంచి ఆర్మరర్‌ను, అంటే మా తుపాకుల మరమ్మతు చూసే ఆయన్ను, పిలిపించాను. ఆయన చూసి చెప్తాడు, తప్పు మాదైతే మాదే" అన్నాడు. పక్కన రైటర్, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఏదో గట్టు తగాదా మీద వచ్చిన ఇద్దరు రైతులు. ఆ రైతుల్లో ఒకడు మా వియ్యంకుడి ఊరివాడు.

ఆర్మరర్ నా ఈడువాడే. సంచిలోంచి తెల్లటి నూలు తొడుగులు తీసి రెండు చేతులకూ వేసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, డాక్టరనుకున్నాడా ఏందని. తుపాకి మడిచి, తూటాలు లేవని చూసి, గొట్టాలు విడదీసి కిటికీ వెలుగుకు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. తరువాత తోలు సంచి తీసుకుని ముక్కు లోపల పెట్టి వాసన చూశాడు.

"అన్నా, ఇందులో ఎన్నాళ్లుంది?"

"మార్చి నుంచి" అన్నాను గర్వంగా.

"తోలును పదును చేసేటప్పుడు ఉప్పులు, ఆమ్లాలు పట్టిస్తారు. పైగా తోలు గాలిలో చెమ్మ పీల్చి దాచుకుంటుంది. మోసుకుపోవడానికే సంచి. దాచడానికి కాదు. మీరు తుపాకిని వానాకాలమంతా తడిగుడ్డలో చుట్టి ఉంచినట్టే."

నేను ఒప్పుకోలేదు. గోడ చూపించాను. బీరువా వెనక గోడకు మనిషెత్తు చెమ్మ మరక ఉంది, కింద పట్టుబడిన సారా క్యాన్లు. ఈ గదిలో పెడితే బంగారానికైనా తుప్పు పడుతుందన్నాను. ఆయన మారు మాట్లాడకుండా బీరువాలోంచి ఇంకో తుపాకి తీయించాడు. లైసెన్సుదారు చనిపోయి, కొడుకులు తేల్చుకోలేక నాలుగేళ్లుగా అక్కడే పడివున్నది. సంచి లేదు, గుడ్డ లేదు. ఎవరో ముందుచూపు ఉన్నవాడు గొట్టాలకు పల్చగా గ్రీజు రాసి పెట్టాడు. దాని మీద వేలెడు దుమ్ము. ఆర్మరర్ గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే కింద నల్లగా నిగనిగలాడుతోంది. అదే బీరువా, అదే గోడ.

గట్టు తగాదా రైతులు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

తరువాత మూతులు చూపించాడు. దూది ఎంతవరకు ఉందో తుప్పు కట్టు సరిగ్గా అంతవరకే ఉంది, గీత గీసినట్టు. దూది నీళ్లు పట్టుకుని ఇనుముకు ఆనించి కూర్చుందట. "మరిచిపోయి దూదితోనే పేల్చి ఉంటే గొట్టం పగిలేది. తుప్పుతో పోయింది, సంతోషించు" అన్నాడు. పురుగు భయమైతే గొట్టం నోరు కిందికి పెట్టమన్నాడు. అలా పెడితే ఇంకో లాభం కూడా ఉంది. నోరు పైకి పెడితే పూసిన నూనె మెల్లగా జారి వెనక చెక్కలోకి ఇంకుతుంది, ఏళ్లు గడిచేసరికి ఇనుము కలిసే చోట చెక్క నల్లబడి మెత్తబడుతుంది. నా తుపాకికి అక్కడ గోరు గుచ్చి చూపించాడు. గోరు దిగింది. మా నాయన 1974 నుంచీ దాన్ని నోరు పైకే నిలబెట్టాడు.

"ఇవేంటి?" అన్నాడు. గొట్టాల పైన వరసగా మూడు గుండ్రటి తుప్పు మచ్చలు, సమాన దూరంలో. నాకు తెలుసు అవేమిటో. మాట్లాడలేదు. రైటరే అన్నాడు, "బొట్లు సార్, దసరా పూజవి" అని. తడి పసుపు, పైన కుంకుమ, పెట్టింది నేనే. 2023 దసరాకు పెట్టి, పైపైన తుడిచి, మళ్లీ అదే సంచిలో దూర్చాను. ఇప్పుడు మూడు చోట్లా చిన్న గుంటలు పడ్డాయి. ఆయుధపూజ మానమని నేను చెప్పను, నేనూ మానను. కానీ బొట్టు చెక్కకు పెట్టండి, ఇనుముకు వద్దు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాకే నోరు ఆగలేదు. "పక్కన ఆ వేలిముద్రల మాటేమిటి? మీ కానిస్టేబుళ్లు చెమట చేతులతో పట్టుకున్నవి కావా?" అన్నాను. నిజంగానే ఎడమ గొట్టం పక్కన ఒక వేలిముద్ర తుప్పుగా తేలి ఉంది, గీతలతో సహా. చెమటలో ఉప్పు ఉంటుంది, అది తుడవకపోతే ముద్ర ముద్రగానే తుప్పు పడుతుందని నేను ఎక్కడో విన్నాను. ఆ ముక్క కూడా పైకి చెప్పాను, నాకూ తెలుసని చూపించుకోవడానికి.

ఆర్మరర్ భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాడు. "ముద్రకు అడ్డంగా ఒక గీత ఉంది, గాటు మాదిరి" అని ఎస్సైకి ఇచ్చాడు. ఎస్సై చూశాడు. తలెత్తి, టేబుల్ మీద ఉన్న నా ఎడమ చెయ్యి వైపు చూశాడు.

నా పదమూడో ఏట వరికోతల్లో కొడవలి తగిలి ఎడమ బొటనవేలు చీలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఏటవాలుగా అలాగే ఉంది. నేను చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాను, కానీ అప్పటికే ఆలస్యమైంది. అందరూ చూసేశారు. కుట్టేసే ముందు చివరిసారి పట్టుకుని మురిసిపోయింది నేనే. ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. మా వియ్యంకుడి ఊరివాడు మాత్రం బయటికి వెళ్లి దగ్గాడు.

ఎస్సై టీ తెప్పించాడు. అర్జీ వెనక్కి తీసుకుంటానని రెండు లైన్లు రాసిచ్చాను. ఈసారి 'పరాకాష్ఠ' వాడలేదు.

ఆ గోడ చెమ్మ మాట మాత్రం విచారణలో ఎక్కడా రాయలేదు, గమనించండి. నా తప్పు నాదే. గోడ తప్పు గోడదే.

అక్కడి నుంచి నేరుగా టౌనులో లైసెన్సు ఉన్న తుపాకుల షాపుకు వెళ్లాను. మిస్త్రీ డెబ్బై ఏళ్ల సాయిబు. మా పక్కింటాయన గరుకు కాగితం పెట్టి రుద్దమన్నాడని చెబితే, "ఆయన తల మీద రుద్దుకోమనండి" అన్నాడు. నాలుగు సున్నాల నంబరు ఉక్కు పీచుకు నూనె తడిపి, బొటనవేలితో చిన్నచిన్న సున్నాలు చుడుతూ రెండు రోజులు కూర్చున్నాడు. ఎర్రది పోయింది, నల్ల రంగు చాలావరకు నిలిచింది. గుంటలు పోవు. గొట్టం లోపల ఇత్తడి బ్రష్ వెనక నుంచి ముందుకు తోశాడు, మూతి వైపు నుంచి తొయ్యకూడదట. 2,800 రూపాయలు తీసుకున్నాడు. కొబ్బరినూనె మాట ఎత్తితే, "అది జుట్టుకు. నిలవైతే పులుస్తుంది, ఆ పులుపు ఇనుమును తింటుంది" అన్నాడు. మెకానిక్ షాపుల్లో కొట్టే డబ్ల్యూడీ-40 తడిని తరమడానికి బాగుంటుంది గానీ నెలల తరబడి కాపలా కాయదట. కుట్టు మిషన్ నూనె మేలు, కానీ పల్చన, నెలకోసారి మళ్లీ రాయాలి. ఆరు నెలలు ముట్టనని తెలిస్తే పల్చగా గ్రీజే రాయమన్నాడు. పేల్చే ముందు గొట్టం లోపలి గ్రీజు పూర్తిగా తుడవాలని మూడుసార్లు చెప్పాడు.

ఇప్పుడు తుపాకి తాళం వేసిన ఇనుప బీరువాలో, నోరు కిందికి, మందపాటి గుడ్డ మీద నిలబడి ఉంది. డమ్మీ తూటాలు పెట్టి ట్రిగ్గర్లు నొక్కి వదిలాను, స్ప్రింగులు ఏళ్ల తరబడి బిగిసి ఉండకుండా. అసలు తూటాలు వేరే డబ్బాలో, వేరే తాళంలో. వాటిలో పాత అట్ట తూటాలు చెమ్మకు ఉబ్బి గొట్టంలోకి దూరడం లేదు, అవి షాపులో అప్పజెప్పాలి. బీరువాలో తేమ చూపించే చిన్న మీటరు పెట్టాను. 50 శాతం దాటకుండా చూడాలి, నవంబరులో మా ఇంట్లో గాలిలో తేమ 80 పైనే ఉంటుంది. మా చిన్నప్పుడు పెద్దిళ్లలో బీరువాలో చిన్న బల్బు వెలిగించి ఉంచేవాళ్లు, ఆ వేడికి చెమ్మ చేరేది కాదు. నేనూ పెట్టాను, కానీ మావాడు తెచ్చింది ఎల్‌ఈడీ. దానికి వేడే లేదు. చివరికి సిలికా జెల్ సంచులు తెచ్చాను. నీలం గింజలు తడి పీల్చి గులాబీ రంగు అయితే సన్న సెగ మీద వేడిచేస్తే మళ్లీ నీలం అవుతాయి. దీనికి వేరే పాత పెనం పెట్టుకోండి. అందులో కలిపే రంగు మంచిది కాదు, పైగా దోసెల పెనం వాడితే ఇంట్లో ఇంకో విచారణ జరుగుతుంది.

ఈ ఉదయం వాకిట్లో కూర్చుని తెల్ల తొడుగులు వేసుకుని గొట్టాలు తుడుస్తుంటే ఫోను మోగింది. రికార్డు చేసిన ఆడగొంతు. మీ అర్జీ పరిష్కారమైంది, మీరు సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి, చెందకపోతే రెండు నొక్కండి అంది. కాసేపు ఆలోచించి ఒకటి నొక్కాను. తొడుగుల మీద నుంచి నొక్కితే ఫోను పలకలేదు. విప్పుకునేలోపు కట్టయిపోయింది.