అమ్మ పాస్‌పోర్టులో ఒక్క ఖాళీ గడి: స్పెయిన్ రైళ్ళలో నా అనుభవం

మొన్న రాత్రే మ్యూనిక్‌లో ఇంటికి చేరాం. అమ్మ ఇంకా లేవలేదు. కోపం చల్లారితే సగం రాయకుండా వదిలేస్తానని ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

ప్లాన్ తేలికైనదే. అక్టోబరులో అక్కడ ఎండ తగ్గుతుంది, జనం పలచబడతారు, హోటళ్ళూ కాస్త చవకే. బార్సిలోనాలో మొదలుపెట్టి తారగోనా, వాలెన్సియా, అలికాంటే, అంతా సముద్రం పక్కన రైళ్ళలోనే. వీటిలో అమ్మ తనంతట తాను అడిగింది ఒక్కటే, వాలెన్సియాలో ప్రతి గురువారం పన్నెండింటికి జరిగే నీటి పంచాయితీ. అక్కడ తూరియా నది కాలువల కింద రైతులు వందల ఏళ్ళుగా తమ తగాదాలు తామే తీర్చుకుంటున్నారు. రైతులే ఎన్నుకున్న ఎనిమిది మంది నల్ల అంగీలు వేసుకుని పెద్ద చర్చి గుమ్మం ముందు కుర్చీల్లో కూర్చుంటారు. విచారణ అంతా నోటిమాటే, వకీళ్ళు ఉండరు. 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది. అమ్మది కోనసీమ, మా తాతయ్య వంతు నీళ్ళ కోసం రాత్రిళ్ళు టార్చి పట్టుకుని కాలువ గట్టు మీద కాపలా పడుకున్న మనిషి. ఈ సంగతి వీడియోలో చూసినప్పటి నుంచీ అమ్మ ఆ మాటే.

బార్సిలోనా బాగుంది. తారగోనాకి మాత్రం హైస్పీడ్ రైలు ఎక్కకండి, ఆ స్టేషన్ ఊరికి దూరంగా ఉంది, దిగాక మళ్ళీ బస్సు. మామూలు ప్యాసింజర్ రైలు సీదా ఊళ్ళోకే వెళ్తుంది. ఎడమవైపు కిటికీ పట్టుకుంటే దారిలో చాలాచోట్ల సముద్రం పక్కనే ఉంటుంది. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో రెండో శతాబ్దపు రోమన్ ఆంఫీథియేటర్, దాని వెనకే నీళ్ళు.

ఇక అసలు విషయం. అక్టోబరు 16, గురువారం పొద్దున, వాలెన్సియా రైలు. ఏ స్టేషనో రాయను. సామాను స్కానింగ్ అయింది, గేటు దగ్గర టికెట్ చూపించాం, నన్ను వదిలారు, అమ్మను ఆపారు.

మన పెద్దవాళ్ళలో చాలామందికి ఉన్న సమస్యే ఇది. అమ్మ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరుతో సహా మూడు ముక్కలూ గివెన్ నేమ్‌లోనే ఉన్నాయి. అప్పుడు ఫారం నింపిన ఏజెంటు "ఏం ఫరవాలేదమ్మా, ఇలాగే అందరికీ వేస్తాం" అన్నాడట. స్పెయిన్‌వాళ్ళకేమో ఇంటిపేర్లు రెండు, నాన్న వైపుది ఒకటి, అమ్మ వైపుది ఒకటి. నేను టికెట్ కొన్న యాప్‌లో ఆ రెండు గడులూ నింపందే ముందుకు పోనివ్వలేదు. అందుకని మొదటి దాంట్లో ఇంటిపేరు, రెండో దాంట్లో చివరి ముక్క పెట్టాను. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో వరుసలో రాలేదు.

గేటు దగ్గరున్నాయన పాస్‌పోర్టులో ఖాళీ చోట వేలు పెట్టి ఏదో గట్టిగా అడుగుతున్నాడు. నాకు వచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలతో మా దగ్గర పేర్లు ఇలాగే ఉంటాయని చెప్పాను, వినలేదు. వెనక లైన్ పెరిగిపోయింది. చేత్తో పక్కకి జరగమన్నాడు, దొడ్లో కోళ్ళను అదిలించినట్టు. అమ్మ గోడ పక్కన నిలబడి పాస్‌పోర్టు రెండు చేతులతో తెరిచి పట్టుకుంది, ఎవరైనా వచ్చి చూస్తారేమోనని. తర్వాత జాకెట్టులో పెట్టుకున్న చిన్న పర్సు తీసి, ఆధార్ కార్డు, దాని వెనక ఓటరు కార్డు, ఒకదాని మీద ఒకటి పెట్టి ఆయనకి చూపించబోయింది. ఆయన తల తిప్పి కూడా చూడలేదు. బయల్దేరడానికి రెండు నిమిషాల ముందు గేటు మూసేశారు. అద్దంలోంచి రైలు కదలడం కనిపించింది.

"నా పేరు తప్పా అమ్మాయీ?" అంది. ఒక్క మాటే. అరవై నాలుగేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళు బడిలో హాజరు పట్టీ చూసి పిల్లల పేర్లు పిలిచింది, తన పేరు తప్పేమోనని నన్ను అడగాల్సి వచ్చింది. ఏ దేశంలోనైనా సరే, కౌంటరు ఇవతల ఉన్న మనిషి వయసును బట్టి గొంతు తగ్గించడానికి ఏ రూలూ అడ్డు రాదు.

అదే స్టేషన్లో టికెట్ కౌంటర్లో ఒకావిడ పాస్‌పోర్టు తీసుకుని ముందు నంబరు కొట్టింది, ఇంటిపేరు గడిలో పేరు మొత్తం పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే పెట్టి, రెండోది వదిలేసి కొత్త టికెట్లిచ్చింది. ఆమె ముందు అది ఖాళీగానే పోయింది! పాత టికెట్లకి డబ్బు రాదన్నారు, కొత్తవాటికి 96 యూరోలు.

వాలెన్సియాలో దిగేసరికి రెండు దాటింది. చర్చి గుమ్మం ముందు కుర్చీలు కూడా తీసేశారు. ఊళ్ళో పాత స్టేషన్, 1917 నాటిది, ముందు గోడంతా నారింజ కాయలు, లోపల స్తంభాల మీద 'శుభ ప్రయాణం' అని ఎన్నో భాషల్లో రంగు పెంకులతో పొదిగారు. చూపించడానికి తీసుకెళ్ళాను. అమ్మ చూసి "బాగుంది" అని సూట్‌కేసు మీద కూర్చుండిపోయింది.

ఇంట్లో పెద్దవాళ్ళ పాస్‌పోర్టు ఇప్పుడే తీసి చూడండి. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే రీఇష్యూకి పెట్టి విడగొట్టించండి, ప్రయాణం అనుకున్నాక కాదు, ముందే. 2022 నవంబరులో యూఏఈ పేరు మొత్తం ఒక్క ముక్కే ఉన్న పాస్‌పోర్టులతో వచ్చే విజిటర్లను రానివ్వమంది, అప్పుడు కూడా మనవాళ్ళు చాలామంది మేలుకోలేదు. ఏజెంట్ల మాట అసలు నమ్మొద్దు. యాప్‌లో కాకుండా కౌంటర్లో పాస్‌పోర్టు ఇచ్చి కొనుక్కోండి, ఆ తర్వాత నాలుగు రైళ్ళు అలాగే కొన్నాం, ఎక్కడా ఆపలేదు. పన్నెండింటి పని ఉంటే ముందు రోజు రాత్రికే ఊరు చేరండి.

దీపావళి రాత్రి అలికాంటేలో ఉన్నాం. అమ్మ హోటల్ బాల్కనీలో చిన్న గ్లాసులో నూనె పోసి దూది వత్తి వేసింది, ఎదురుగా కొండ మీద శాంతా బార్బరా కోట లైట్లు. అప్పుడే నిర్ణయించుకున్నాను. తిరుగు విమానం మార్పించాను, సెలవు రెండు రోజులు పొడిగించాను, 23 పొద్దున మళ్ళీ వాలెన్సియా రైలెక్కాం. రెండు గంటలు కూడా పట్టలేదు.

పదకొండింటికే వెళ్ళి చర్చి ముందు కంచె దగ్గర మొదటి వరసలో నిలబడ్డాం. గంట కొట్టగానే ఎనిమిది మందీ వచ్చి గుండ్రంగా కూర్చున్నారు. బంట్రోతు లేచి ఒక్కో కాలువ పేరూ పిలిచి ఫిర్యాదున్నవాళ్ళు ఉన్నారా అని అడిగాడు. క్వార్త్, మిస్లాతా, ఫవారా, రస్కాన్యా... పిలిచిన ప్రతిసారీ కాసేపు ఆగుతున్నాడు. ఎవరూ రాలేదు. కొద్ది నిమిషాల్లో లేచి వెళ్ళిపోయారు, టూరిస్టులు ఇంతేనా అనుకుంటూ కదిలారు. అమ్మ మాత్రం కంచె వదల్లేదు.

"ఎవరూ రాలేదంటే శివారు చేలక్కూడా నీళ్ళు అందుతున్నట్టే కదే" అంది. తర్వాత పర్సులోంచి బస్సు టికెట్టూ పెన్నూ తీసి నా చేతికిచ్చి, ఆ కాలువల పేర్లు తెలుగులో రాసిమ్మంది, మామయ్యకి చదివి వినిపించాలట.