మా అబ్బోడి సిమెంటు కట్లు, జాక్ గ్రీలిష్ గోలు: నా అనుభవం

మా అబ్బోడికి సెరిబ్రల్ పాల్సీ. ఎడమ పక్క చెయ్యి, కాలు బిగుసుకుని ఉంటాయి, దాన్ని హెమిప్లీజియా అంటారు. మాది చంద్రగిరి. వాడి కాలికి సిమెంటు కట్లు వేయించడం, తర్వాత స్ప్లింట్, అంటే కాలికి తొడిగే ప్లాస్టిక్ పట్టీ, అలవాటు చేయించడం, చేతికి రోజూ ఎక్సర్‌సైజులు, ఇదంతా ఎట్ల గడిచిందో కొంచెం వివరంగా రాయక్కా అని భవిత సెంటర్లో (ఇట్లాంటి పిలకాయల కోసం సర్కారు నడిపే సెంటరు) పరిచయమైన ఒకామె అడిగింది, ఆమె పాపకి ఇప్పుడే మొదలుపెడతా ఉన్నారు. రాద్దామని కూర్చుంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జాక్ గ్రీలిష్ గురించి చెప్పకుండా ఒక్క ముక్క ముందుకు పోవడం లేదు, ఎందుకంటే మా ఇంట్లో సగం ట్రీట్‌మెంట్ ఆయన పేరు చెప్పుకునే నడిచింది.

ముందు జబ్బు సంగతి. ఇది ఎముకల జబ్బు కాదు. కడుపులో ఉన్నప్పుడో, కాన్పు టైములోనో, పుట్టిన కొత్తలోనో మెదడులో ఒక చోట దెబ్బ తగులుతుంది, అక్కడి నించి కండరాలకి పోవాల్సిన ఆర్డరు సరిగ్గా పోదు, అందుకని కండరం ఎప్పుడూ బిగబట్టుకునే ఉంటుంది. మెదడులో దెబ్బ పెరగదు, కానీ బిడ్డ పెరిగేకొద్దీ ఎముక పొడుగవుతుంది, బిగిసిన కండరం అంత తొందరగా సాగదు, దాంతో పిక్క పట్టేసి మడమ నేలకి ఆనదు, మునివేళ్ల మీద నడుస్తారు. మావాడి ఎడమ కాలు అట్లే ఉండేది. చూసినోళ్లంతా పుత్తూరు కట్టు కట్టించండి అనేవాళ్లు. పుత్తూరు కట్టు మీద నాకు గౌరవమే, మా నాయనకి చెయ్యి విరిగితే అక్కడే బాగయింది, కానీ విరిగిన ఎముక వేరు ఇది వేరు, ఆ సంగతి మా అత్తకి అర్థమయ్యేలా చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

తిరుపతిలో రెండు మూడు చోట్ల చూపించాం. ఒక చోట, పేరెందుకులే, డాక్టరు వాడి కాలు కూడా పట్టుకుని చూడకుండా "వీడింతేమ్మా, ఇంకోణ్ణి కనండి" అన్నాడు, వాడి ముందరే. ఏడేళ్ల పిలకాయకి అన్నీ అర్థమవుతాయండీ. ఆ రోజు బస్సులో ఇంటికొచ్చేదాకా వాడు కిటికీ లోంచి బయటికే చూస్తా కూర్చున్నాడు, నేనూ ఏమీ మాట్లాడలేకపోయినా.

ఆ తర్వాత అలిపిరి రోడ్డులో ఉండే టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రికి పోయినాం, కాళ్లు చేతుల సమస్యలకి ఎక్కడెక్కడి నించో అక్కడికొస్తారు. సీరియల్ కాస్టింగ్ అని చెప్పారు. అంటే పాదాన్ని ఎంతవరకు పైకి వంచగలిగితే అంతవరకు వంచి మోకాలి కింద నించి కట్టు వేస్తారు, వారానికో పది రోజులకో అది కోసి తీసి, కండరం సాగినంత మేరకు పాదాన్ని ఇంకొంచెం వంచి మళ్లీ కొత్త కట్టు. అట్ల కొన్ని వారాలు. వినడానికి సింపులే గానీ మావాడు ససేమిరా అన్నాడు. అక్కడ ఎవరికో కట్టు కోసే మిషన్ చప్పుడు విన్నాడు, కాలు కోసేస్తారనుకున్నాడు. చేతి ఎక్సర్‌సైజులదీ అదే గొడవ. మోచెయ్యి చాపమంటే ఏడుపు, పిడికిలి తెరవమంటే ఏడుపు, చాక్లెట్ ఇచ్చి, బతిమాలి, మా ఆయన గదమాయించి, ఏమీ పని చేయలేదు.

ఇదంతా 2022 నవంబర్లో. మా తమ్ముడికి ఎస్వీ యూనివర్సిటీలో చదివేటప్పటి నించి ఫుట్‌బాల్ పిచ్చి, ఖతార్ వరల్డ్ కప్ మొదలైందని నవంబర్ 21 సాయంత్రం మా ఇంటికొచ్చి ఇంగ్లండ్, ఇరాన్ మ్యాచ్ పెట్టినాడు. మన టైము ఆరున్నరకి. అంతకు ముందే టీ20 వరల్డ్ కప్ సెమీస్‌లో ఇండియా ఇదే ఇంగ్లండ్ చేతిలో పది వికెట్ల తేడాతో ఓడిపోయి ఉంది కదా, మా ఆయన ఇంగ్లండ్ పేరు వినడానికి కూడా ఒప్పుకోక ఇరాన్ పార్టీ కట్టినాడు. మొదట్లోనే ఇరాన్ గోల్‌కీపరుకి దెబ్బ తగిలి ఆట చాలాసేపు ఆగిపోయింది, ఎంతకీ అయిపోని మ్యాచ్ అది. బెల్లింగ్‌హామ్, సాకా, స్టెర్లింగ్, మళ్లీ సాకా, రాష్‌ఫర్డ్, ఇట్ల గోల్స్ పడతానే ఉన్నాయి. చివర్లో తొంభయ్యో నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన గ్రీలిష్ ఆరోది కొట్టినాడు. కొట్టి అందరిలాగా పరిగెత్తలేదు, రెండు చేతులూ బార్లా చాపి, ఈ చేతి నించి ఆ చేతికి అల పోయినట్టు భుజాలు ఊపినాడు. "ఏం మామా అట్ల ఊగతా ఉన్నాడు?" అని మావాడు అడిగినాడు.

దాని వెనక కథ మా తమ్ముడికి తెలుసు, ఫోన్లో వీడియో తీసి చూపించినాడు. గ్రీలిష్ అప్పుడు ఆడతా ఉన్న మాంచెస్టర్ సిటీ క్లబ్బుకి ఫ్యాన్ ఒక పదకొండేళ్ల పిల్లోడు, వాడికీ సెరిబ్రల్ పాల్సీనే. గ్రీలిష్ చెల్లెలికీ అదే ఉంది, నెలలు నిండకముందే పుట్టిన పిల్ల, ఆమెని ఈయన ఎంత బాగా చూసుకుంటాడో తెలిసి ఆ పిల్లోడు ఉత్తరం రాసినాడు. గ్రీలిష్ దానికి బదులు రాసినాడు, తర్వాత పిలిపించుకుని కలిసినాడు కూడా. 2021లో పది కోట్ల పౌండ్లు పోసి సిటీ కొనుక్కున్న ఆటగాడు ఆయన. నెక్స్ట్ గోల్ కొడితే నీకోసం సెలబ్రేషన్ చేస్తానని మాట ఇచ్చినాడు. ఆ డ్యాన్సు ఆ పిల్లోడు చూపించిందే. తర్వాత కొట్టిన గోలు వరల్డ్ కప్‌లో పడింది, మర్చిపోకుండా ప్రపంచమంతా చూస్తా ఉంటే చేసినాడు.

స్టార్లు పిలకాయల్ని దగ్గరికి తీసుకోవడం కొత్త కాదు. ప్లాస్టిక్ కవరుని జెర్సీలా వేసుకున్న ఆఫ్ఘనిస్థాన్ బిడ్డని 2016లో మెస్సీ దోహాలో ఎత్తుకుని గ్రౌండ్‌లోకి తీసుకుపోయినాడు, అది చూసి నాకు కళ్లలో నీళ్లొచ్చినాయి. అదీ గొప్పే. కానీ గ్రీలిష్ చేసింది నాకు ఇంకా లోపలికి పోయింది. జెర్సీ ఇచ్చి ఫోటో దిగి పంపించేసి ఉంటే కూడా ఎవరూ తప్పుపట్టరు. ఆయన ఏం చేయమంటావు చెప్పు అని అడిగినాడు, ఆ బిడ్డ చెప్పింది విన్నాడు, ఆ బిడ్డ ఒళ్లు ఎట్ల కదులుతుందో అట్లే తన ఒంటిని కదిలించినాడు. మా బిడ్డ నడకని వెక్కిరిస్తా నడిచి చూపించే పిలకాయల్ని చూసినాను నేను. ఒక పెద్దాయన ప్రేమతో ఆ కదలికని తీసుకుని చేయడం మొట్టమొదటిసారి చూసినా.

వీడియో అయిపోయినాక మావాడు అడిగిన మాట ఒక్కటే. "ఆ అన్నకీ నాలాగేనా?" అవును రా అన్నాడు మా తమ్ముడు. వెంటనే లేచి నిలబడి చేతులు చాపినాడు. కుడి పక్క నించి అల బాగానే వచ్చింది, ఎడమ మోచేతి దగ్గరికొచ్చి ఆగిపోయింది. మళ్లీ చేసినాడు, మళ్లీ ఆగింది. మా తమ్ముడు వెనక నించి మోచెయ్యి కింద చెయ్యి పెట్టి మెల్లగా సాయం పట్టినాడు. ఫిజియో మేడమ్ చెప్పిన స్ట్రెచ్ అదే, ముప్పై సెకన్లు పట్టి ఉంచాల, ఏడవకుండా అంతసేపూ పట్టనిచ్చినాడు. ఆ రాత్రి నించి ఎక్సర్‌సైజ్ టైము అంటే మా ఇంట్లో గోలు టైము.

నేనూ ఆ ముక్క పట్టుకున్నా. కట్టు వేయించుకో అని చెప్పడం మానేసి, కట్టు మీద ఏం రాద్దాం అని అడిగినా. ఏడు నంబరు అన్నాడు, ఆ వరల్డ్ కప్‌లో గ్రీలిష్ జెర్సీ నంబరు. కట్టు తడి ఆరినాక మార్కర్‌తో మా తమ్ముడు పెద్ద ఏడు వేసినాడు, ప్రతి కొత్త కట్టు మీదా మళ్లీ వేసేది. కోసే మిషన్ సంగతికొస్తే, అక్కడి టెక్నీషియన్‌ని బతిమాలితే ఆయన ముందు తన అరచేతికి ఆనించుకుని చూపించినాడు. ఆ బ్లేడు గిర్రున తిరగదు, అటూ ఇటూ సన్నగా వణుకుతుంది అంతే, గట్టిగా ఉండే కట్టుని కోస్తుంది, చర్మం దానితో పాటు కదిలిపోతుంది కాబట్టి తెగదు. పిలకాయలకి ముందే ఇది చూపించమని అడగండి, చాలా భయం పోతుంది. కట్టు ఉన్నన్నాళ్లూ వేళ్లు నల్లబడుతున్నాయా, చల్లబడుతున్నాయా, వాసన వస్తుందా అని రోజూ చూసుకోవాల, అట్ల ఏదైనా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే పోవాల.

కట్లు అయిపోయినాక మడమ ఆనింది. సాగిన కండరం మళ్లీ బిగుసుకోకుండా ఏఎఫ్‌ఓ వేయాల, అదే స్ప్లింట్. కాలికి అచ్చు తీసి దాన్ని బట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు. మొదట గంట సేపు వేసి తీసి చూడాల, ఎర్రగా కందిన చోటు ఇరవై ముప్పై నిమిషాల్లో మామూలైపోతే పర్వాలేదు, పోకపోతే తీసుకుపోయి సరిచేయించాల. ఎదురు చూసి బొబ్బ ఎక్కించుకోవద్దు. లోపల మోకాలి దాకా వచ్చే కాటన్ సాక్సు ముడతల్లేకుండా లాగి వేయాల, ఆ కాలి బూటు ఒక సైజు పెద్దది కావాల. సాక్సు దగ్గర పెద్ద పేచీ వచ్చింది మాకు. గ్రీలిష్ సాక్సులు పిక్కల కిందికి దించేసి ఆడతాడు కదా, వీడికీ అట్లే కావాల. దించితే ప్లాస్టిక్ అంచు పిక్కకి రాసుకుంటుంది. ఫిజియో మేడమే దారి చెప్పింది, సాక్సు మొత్తం పైకి లాగి, మిగిలిన భాగాన్ని స్ప్లింట్ పై అంచు మీది నించి బయటికి మడిచి కిందికి దించమంది. అంచు మెత్తగానూ ఉంటుంది, చూడ్డానికి అచ్చం దించిన సాక్సే. మావాడు అద్దంలో చూసుకుని చూసుకుని మురిసిపోయినాడు.

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సర్కారు కాగితం) గురించి కూడా అడిగింది ఆ భవిత సెంటర్ ఆమె. సచివాలయంలో స్లాట్ బుక్ చేయించుకుని, చెప్పిన రోజు చెప్పిన ఆసుపత్రికి బిడ్డని తీసుకుని పోవాల, నలభై శాతం గానీ ఆ పైన గానీ వస్తేనే పెన్షన్. అప్పట్లో నెలకి 3,000, 2024 జులై నించి 6,000 ఇస్తున్నారు. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని పోండి, పొద్దున్నే పోండి, బిడ్డకి తినడానికి ఏమైనా పట్టుకుపోండి.

ముందు చదివిన స్కూల్లో స్పోర్ట్స్ డే అంటే వీణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించేవాళ్లు. ఇప్పుడున్న స్కూల్లో పీఈటీ సారు వేరే మనిషి, "ఏం ఆడతావురా?" అని వాణ్ణే అడిగినాడంట. పెనాల్టీలు కొడతా సార్ అన్నాడంట. కుడి కాలితో తన్నాలంటే ఎడమ కాలి మీద నిలబడాల, ఆ ఒక్క క్షణం ఒంటి కాలి మీద ఆగడం కోసమే మేము ఏళ్లుగా గోడ పట్టించి ప్రాక్టీసు చేయిస్తా ఉన్నాం. మొదట్లో పడిపోయేవాడు, ఇప్పుడు పది తంతే ఎక్కువ సార్లు నిలబడే తంతాడు. గోలు పడితే చేతులు చాపి అల వేస్తాడు, ఎడమ మోచెయ్యి పూర్తిగా సాగదు, ముందు మీద నయం.

కాలు పెరిగింది కాబట్టి మళ్లీ కొత్త స్ప్లింట్ కొలతలకి పోవాల. గ్రీలిష్ 2025లో ఎవర్టన్ అనే ఇంకో క్లబ్బుకి లోన్ మీద, అంటే కొన్నాళ్లు ఆడటానికి, పోయినాడు, మావాడూ ఆయన వెంటే ఎవర్టన్‌కి పోయినాడు, ఈసారి స్ట్రాపులు ఎవర్టన్ జెర్సీ లాగా నీలం రంగు కావాలంట. ఆయనకి ఉత్తరం కూడా రాస్తా ఉన్నాడు, తెలుగులోనే, మామ ఇంగ్లీషులోకి మార్చి పోస్టు చేయాల. జెర్సీ పంపమని అడుగురా అంటే వద్దన్నాడు. మీ చెల్లెలికి చిన్నప్పుడు ఏ కాలికి స్ప్లింట్ వేశారు, ఆమెకి సాక్సు మడతపెట్టడం ఎవరు నేర్పించారు, ఈ రెండూ అడగాలంట.